మా బావ పెట్టి వచ్చిన గడప

మొన్న మా అక్క ఫోన్ చేసి ఇంటికి గడప పెట్టించానని చెప్పింది. టేకు కట్టెతో చేయించిందట, పసుపు రాసి బొట్లు పెట్టిందట, శుక్రవారం నాటికి నన్ను రమ్మంది. బావ పోయి ఏడాది కూడా తిరగలేదు. ఆయన ఉంటే పెట్టనిచ్చేవాడా అని అడిగాను. అడగకుండా ఉండలేను, నా నోరు అలాంటిది.

"ఉంటే నేను అడిగేదాన్నే గాదు చెల్లె. లేడు గనుకనే పెట్టిచ్చిన," అంది అక్క.

నేను ఫోన్ పెట్టేశాను. శుక్రవారం పోలేదు. కాలేజీలో పరీక్షలని చెప్పాను. పరీక్షలు లేవు.

మా బావ సుతారి మేస్త్రి. ఆయన నెమ్మదస్తుడు, ఒకరి జోలికి పోనివాడు అని రాస్తే సిరిసిల్లలో ఆయనను ఎరిగినవాళ్ళు కాగితం నా మొహాన కొడతారు. బావ గొప్పలపోగు. బజారులో నడుస్తుంటే పరాయివాళ్ళ ప్రహరీ గోడను ఎద్దు వీపు తట్టినట్టు తట్టి, "గిది నేను లేపిన గోడ," అనేవాడు. లోపల గోడ యజమాని వింటున్నాడన్న వెరపు ఉండేది కాదు. వాళ్ళ వాడకట్టులో పొద్దంతా మరమగ్గాలు ఆడుతూనే ఉంటాయి. ఆ చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి పెళ్ళి పందిట్లో కూడా అదే గొంతు. పుస్తెలు కట్టేటప్పుడు ఆయన గుసగుసలు వీడియోలో పడ్డాయని ఒక పెళ్ళివాళ్ళు నిజంగానే గొడవ పెట్టుకున్నారు.

మా దిక్కు ఇల్లు కడితే గృహప్రవేశం రోజు మేస్త్రికి బట్టలు పెడతారు. బావకు అది పండగ. తెల్లంగి ఇస్త్రీ చేయించుకుని, పూజ చేయించే అయ్యగారి కంటే ముందు పోయి కూర్చునేవాడు. భుజం మీద తువ్వాల కప్పగానే, కప్పినవాళ్ళ ముందే దాని అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి చూసేవాడు. నేత మంచిదైతే తలాడించేవాడు. కాకపోతే, "నేను పెట్టిన గోడకు గీ తువ్వాల సాలదు పటేలా," అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ ఆ ఇంటావిడ మొహం మాడిపోయేది. మా అక్క కొంగు నోట్లో కుక్కుకుని పక్కకు తిరిగేది.

గడప దగ్గర మాత్రం ఆ నవ్వులాటలు ఉండేవి కావు. గోడలకు సిమెంటు పూసే గిలాబు పని, స్లాబు పని కూలీలకు వదిలేసేవాడు. గడప తానే పెట్టేవాడు. ఆ రోజు తలస్నానం చేసి, గడప కుదురుకునే దాకా మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. గడప లేనిది ఇల్లు కాదు, షెడ్డు అని ఆయన తీర్పు. ఆ లెక్కన మా కాలేజీ షెడ్డు, నేను షెడ్డులో పాఠాలు చెప్పే పంతులమ్మను.

నేను ఊరుకునే రకమా? గడప ఎందుకో ఒక్క కారణం చెప్పమని మీద పడేదాన్ని. దుమ్ము ఆపడానికా, పురుగూ పుట్రా రాకుండానా, లేక ఆడవాళ్ళకు శుక్రవారం శుక్రవారం ఒక పని తగిలించడానికా? ఎప్పుడూ అరిచే మనిషి దీనికి మాత్రం గొంతు తగ్గించి చెప్పేవాడు.

"పోయేటోడు ఒక్క గడియ ఆగి పోవాలె మరదలా. వచ్చేటోడు ఒక్క గడియ ఆగి రావాలె. గంతే."

అది నాకు నచ్చింది. నచ్చిందని ఆయనకు చెప్పలేదు.

తర్వాత ఊళ్ళో పని పడిపోయింది. శ్రీరాంపూర్ దిక్కు బొగ్గుబాయి వాళ్ళ ఇండ్లు కట్టడానికి కొన్నాళ్ళు పోయాడు, అదీ ఆగింది. చివరికి అందరూ పోయిన తొవ్వే పట్టాడు. అయితే అందరూ దుబాయ్, మస్కట్ పోతే ఈయన ఇరాక్ పోయాడు. మొదట ఎర్బిల్‌లో పెద్ద పెద్ద భవనాల పని. అది అయ్యాక వాళ్ళ కంపెనీకి ఇంకో పని దొరికింది. అక్కడికి కొన్ని గంటల దూరంలో యుద్ధంలో దెబ్బతిన్న ఒక ఊరు ఉంది. ఆ ఊరి వాళ్ళు ఇండ్లు వదిలి పారిపోయి ఏండ్లకేండ్లు డేరాల్లో బతికారు. యుద్ధం ఆగాక వాళ్ళను తిరిగి తీసుకొచ్చి పెట్టాలి, ముందు ఇండ్లు మరమ్మతు కావాలి. బాంబు పడి గోడకు పడిన బొందలు పూడ్చడం, కూలిన కప్పు లేపడం, తలుపులు, కిటికీలు, నీళ్ళు, గిలాబు. ఇంటికి ఇంత పని అని ముందే కొలిచి ఉంటుంది. అంతకు మించి ఒక తట్ట సిమెంటు మాల్ కూడా ఎక్కువ వేయనీయరు.

ఫోన్‌లో ఆ రోజుల్లో ఆయన గొప్పలు ఇంకా పెరిగాయి. దుబాయ్‌లో ఎవడన్నా మేడలు కడతడు, నేను మనుషులను ఇండ్లల్లకు మల్ల తోలుతున్న అనేవాడు. నేను వెక్కిరించేదాన్ని గానీ, ఆ సంవత్సరం స్టాఫ్ రూములో ఆ మాట చెప్పి నేనూ గొప్పలు పోయాను.

అలాంటి మనిషి చెప్పాపెట్టకుండా తిరిగి వచ్చాడు. వచ్చిన వారానికి అక్క నుంచి ఫోన్: "చెల్లె, నువ్వు తొందరగ రా. గీ మనిషి ఇంటి గడప తవ్వి పారేసిండు."

పోయి చూద్దును కదా, నిజంగానే గుమ్మం కింద గడప లేదు. సిమెంటు పోసి నున్నగా చదును చేసి ఉంది. అక్క పట్టు వదలలేదు. గడప ఉండాల్సిన చోట ఆ నేల మీదే పసుపుతో అడ్డంగా ఒక గీత గీసి, దాని మీద కుంకుమ బొట్లు పెట్టింది. అటు పోయేవాళ్ళ కాళ్ళకంతా పసుపే.

లక్ష్మి ఇంటికొస్తే ఎక్కడ కూర్చుంటుందని అడగమంది నన్ను, ఆయన ఎదురుగానే ఉన్నా.

"కుర్సీ ఏస్త అని చెప్పు," అన్నాడు బావ.

నేను నవ్వాను, అక్క ఏడ్చింది, బావ మాత్రం ఆ రెండూ చేయలేదు. అప్పుడు చూశాను ఆయన్ని సరిగ్గా. వచ్చి వారమైనా ఒక్క గొప్ప చెప్పలేదు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు తెచ్చే సెంటు సీసాలు లేవు, ఫోటోలు చూపించడం లేదు. పంచాయితీ చెప్పడానికి వచ్చిన నేను ఆ రోజు అక్కడే కూర్చుండిపోయి, ఆయన చెప్పింది విన్నాను.

ఇరాక్‌లో ఆ దెబ్బతిన్న ఊళ్ళో ఒక ఇంట్లో వీళ్ళ పని అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది. ముందు గోడ మొత్తం పోయింది గానీ వెనక వంటింట్లో అలమార మీద గాజు గ్లాసులు పగలకుండా అలాగే ఉన్నాయట. ఆ గ్లాసులు రోజూ చూసి చూసి ఆ ఇంటివాళ్ళు తనకు చుట్టాలైనట్టు అనిపించిందట. వాళ్ళు ఇంకా డేరాల్లోనే ఉన్నారు, ఒక్కరినీ చూసింది లేదు. పని ముగిసే రోజు ఈయనకు మనసొప్పలేదు. ఆ దేశంలో ఇంటికి గడప ఉండాలన్న పట్టింపు లేదు, నేల అంతా చదునే. ఆ ఇంట్లోనే పగిలి పడి ఉన్న పాలరాయి నుంచి మంచి ముక్క ఏరి, అంచులు చెక్కి, ముందు గుమ్మానికి బెత్తెడు ఎత్తు గడప పెట్టాడు. తలస్నానం చేసే పెట్టాడు. ఫోర్‌మన్ పాకిస్తానాయన, ఇద్దరికీ ఉర్దూ కుదిరింది. ఖర్చేమీ లేదు కదా పెట్టుకో అని ఆయనా ఊరుకున్నాడు.

ఇల్లు అప్పజెప్పే రోజు మా బావ తెల్లంగి వేసుకున్నాడు. మా దేశంలో ఇంటివాళ్ళు మేస్త్రికి బట్టలు పెడతారని ఫోర్‌మన్‌తో ముందే అని ఉన్నాడు, నవ్వులాటకే. కానీ అంగి మాత్రం నవ్వులాటకు వేసుకోలేదు.

కారు వచ్చింది. ఇల్లాలు దిగింది, ఇద్దరు కొడుకులు దిగారు. తర్వాత కొడుకులు చక్రాల కుర్చీ దించి దాంట్లో తండ్రిని కూర్చోబెట్టారు. ఆయనకు రెండు కాళ్ళూ తొడల దాకా లేవు. పెద్ద మీసాల మనిషి, నవ్వు మొహం. ఎవరినీ తొయ్యనీయలేదట. ఏండ్ల తర్వాత సొంతింటికి వస్తున్న మనిషి, తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ గల్లీ ఎక్కి జోరుగా వచ్చాడు. గుమ్మం దగ్గర చక్రం రాయికి కొట్టుకుని ఆగింది. కొంచెం వెనక్కి పోయి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ ఆగింది. అప్పుడు వంగి కిందికి చూశాడు.

గల్లీ గల్లీ అంతా చూస్తోంది. కొడుకులు వచ్చి ఒకడు చంకల కింద చేతులు వేసి తండ్రిని లేపాడు, ఒకడు కుర్చీ లేపాడు. లేపేటప్పుడు ఆయన పొడుగు అంగి పైకి పోయి తెగిన తొడలు అందరికీ కనబడ్డాయి. భార్య గబగబ వచ్చి తన చున్నీ కప్పింది.

"గప్పుడన్న నేను ఉరికి పోవాలె గద మరదలా. ఉరకలే. తెల్లంగి ఏసుకోని ఆడనే నిలవడ్డ."

కాసేపటికి లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఆ మనిషే కుర్చీలో గుమ్మం దాకా వచ్చాడు. చేతిలో గళ్ళ తలగుడ్డ, కొత్తది. మేస్త్రికి బట్టలు పెడతారన్న ఆ నవ్వులాట మాటను ఫోర్‌మన్ వాళ్ళ చెవిన వేశాడు. గడపకు లోపల ఆయన, బయట ఈయన. కుర్చీలో ఉన్న మనిషికి అందాలంటే వంగాలి. మా బావ వంగాడు. ఆయన కప్పాడు.

"తీసుకున్న," అన్నాడు బావ. "నా మెడ వంగింది."

దాని అంచు నలిపి చూశావా అని నోటిదాకా వచ్చింది. అంత పాడు నోరు నాది. ఆ ఒక్కసారి పళ్ళు బిగించి ఆపుకున్నాను.

మర్నాడు ఆయన సుత్తె, రాయి చెక్కే ఛేనీ పట్టుకుని ఫోర్‌మన్ దగ్గరికి పోయాడు. ఒక్క పూట వదలండి, పోయి ఆ రాయి తీసేసి వస్తానని. ఇల్లు అప్పజెప్పడం అయిపోయింది, ఫోటోలు దిగడం అయిపోయింది, ఇప్పుడది ఆడవాళ్ళున్న ఇల్లు, పోయి గుమ్మం పగలగొడతానంటే ఊరుకుంటారా అన్నాడట ఫోర్‌మన్. కంపెనీ బండి ఇంకో పని దిక్కు తిరిగింది. ఆ తర్వాత ఆ గల్లీలోకి పోనే లేదు.

నాకు వాదన దొరికింది. ఇద్దరు కొడుకులున్నారు, బెత్తెడు రాయి, వాళ్ళే పీకి పారేసి ఉంటారు, నువ్వు ఇక్కడ కూర్చుని కుమిలిపోవడం ఎందుకు అన్నాను. తెలివైన మాటే అన్నాననుకున్నాను.

"తియ్యరు," అన్నాడు. "మన దేశంల ఇంటికి గౌరవమని పెడుతరని ఫోర్‌మన్ వాళ్ళకు చెప్పిండు. గౌరవమని పెట్టినదాన్ని గా మనిషి తియ్యనియ్యడు. కాళ్ళు లేకున్నా కుర్సీ తోలుకోని వచ్చి నాకు గుడ్డ కప్పినోడు, నేను పెట్టిన రాయి తియ్యనిస్తడా? నేను చెప్పి పంపాలె, తీసెయ్యుమని. లేకుంటే రోజు మోసుడే ఆయనను, లోపలికి బయటికి."

ఆ తర్వాత మా బావ చేసిన పనులన్నీ ఊరికి పిచ్చిగా కనబడ్డాయి. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళు ముగ్గు పోయడానికి పిలిస్తే, "మీ ఇంట్ల లేవలేనోళ్ళు ఎవలన్న ఉన్నరా?" అని అడిగేవాడు. లేరంటే, "రేపు?" అనేవాడు. కొబ్బరికాయ కొట్టే వేళ ఆ మాట అడిగితే ఎవరు పని ఇస్తారు? ఒకరిద్దరు కొట్టడానికే వచ్చారు. పనులు పోయాయి. పోయినా అడగడం మానలేదు.

ఇరాక్ పోయేవాడు ఎవడన్నా ఉన్నాడని తెలిస్తే చాలు, వాడి ఇంటికి పోయేవాడు. ఆ ఊరి పేరు, పిండి గిర్ని, గిర్ని దాటాక నీలం గేటు, ఎడమ చేతి గల్లీ, గుమ్మానికి తెల్లరాయి. వాడి చేత అప్పజెప్పించుకునేవాడు, నేను పిల్లల చేత పాఠం అప్పజెప్పించుకున్నట్టు. సుతారి మేస్త్రి తియ్యమన్నడని చెప్పి తీసెయ్యి అని సంచిలో ఒక ఛేనీ పెట్టేవాడు. ఆ ఛేనీలు కొన్ని ఎయిర్‌పోర్టులో గుంజుకున్నారు, కొన్ని ఊరు దాటకుండానే చెత్తకుప్పల్లో పడ్డాయి. రాత్రింబవళ్ళు డ్యూటీలు చేసే మనిషి ఒక రాయి కోసం అంత దూరం ఎందుకు పోతాడు? ఒక్కడూ పోలేదు. ప్రతి వాడూ, "పోత కాకా, ఫికర్ చెయ్యకు," అని వెళ్ళినవాడే. చివరికి ఈయన వస్తున్నాడంటే ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు వెనక దర్వాజలోంచి జారుకోవడం మొదలుపెట్టారు.

ఇన్నేండ్ల సిమెంటు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని బావ మంచాన పడ్డాడు. ఆ గొంతు సన్నబడింది. ఎదురింటి మగ్గాలు ఆగితే గానీ ఆయన మాట వినపడేది కాదు. ఆ కాస్త మాటతో కూడా అక్కను అడిగేది ఒకటే, ఎర్బిల్ నుంచి ఎవరన్నా వచ్చారా అని. డాక్టరు చేతులెత్తేశాక అక్కకు కూడా అదే ధ్యాస అయింది. రాయి తీసేశారన్న ఒక్క మాట వినకుండా ఆ మనిషి పోతే తాను బతకలేనంది.

వాళ్ళ వాడకట్టు మల్లేశం సెలవు మీద ఎర్బిల్ నుంచి వచ్చి ఉన్నాడు. పిల్లల తండ్రి, మెత్తని మనిషి, అడిగితే కాదనలేడు. అక్క అతన్ని వెనక వాకిట్లోకి పిలిచి కూర్చోబెట్టింది. పోయినట్టు చెప్పు, రాయి తీసేసినట్టు చెప్పు అని బతిమాలింది. గిర్ని, నీలం గేటు, ఎడమ గల్లీ నేర్పింది. నేను అక్కడే ఉన్నాను. ఎక్కడ ఏ తప్పు మాట వినపడినా కలగజేసుకునే నేను ఇది తప్పని ఒక్క మాట అనలేదు. పైగా సలహా ఇచ్చాను. రాయి రెండు ముక్కలైందని అక్క నేర్పబోతుంటే, మూడని చెప్పు, రెండంటే కల్పించినట్టుంటుంది అన్నాను. పేపర్లు దిద్దిన అలవాటు.

బావ మంచం మీద లేచి కూర్చున్నాడు. అక్క వీపుకు దిండు పెట్టింది. మల్లేశం బాగా చెప్పాడు. గేటు రంగు వెలిసిపోయిందన్నాడు, అది మేం నేర్పలేదు, సొంతంగా కలిపాడు. రాయి మూడు ముక్కలైందన్నాడు. చిన్న కొడుకు నీళ్ళు తెచ్చి ఇచ్చాడన్నాడు. బావ ప్రతి మాటకూ తలాడిస్తుంటే మల్లేశానికి ధైర్యం వచ్చింది. అక్క మొహం ఎన్నాళ్ళకో విప్పారింది.

"గాయిన ఉండెనా ఇంట్ల?" అడిగాడు బావ.

"ఉండె కాకా."

"ఏమన్నడు?"

"నీ సంగతి చెప్పంగనే లేశి నిలవడ్డడు కాకా. బయటికొచ్చి నా రెండు చేతులు పట్టుకున్నడు."

అక్క చెయ్యి దిండు మీద అలాగే ఉండిపోయింది. నేను నేల వైపు చూశాను. తలెత్తితే, బావ మల్లేశాన్ని చూడటం లేదు, నన్ను చూస్తున్నాడు. కోపంగా చూసినా బాగుండేది. ఇంటికొచ్చిన చుట్టం మన చిరిగిన దుప్పటి చూసి చూడనట్టు మొహం తిప్పుకుంటాడు చూడండి, అలా చూసి మొహం తిప్పుకున్నాడు.

"లేశి నిలవడ్డడా," అన్నాడు మల్లేశంతో.

"అవ్ కాకా."

"మంచిగ నడుస్తుండా?"

"మంచిగ నడుస్తుండు కాకా."

"సంతోషం బిడ్డా," అన్నాడు బావ. అక్క వైపు తిరిగి, మల్లేశానికి చాయ్ పెట్టమన్నాడు. అతని పిల్లలు ఏం చదువుతున్నారో అడిగాడు. క్యాంపులో తిండి ఇప్పుడన్నా బాగుందా అని అడిగాడు. రాయి గురించి ఇంకో మాట అడగలేదు. ఆ రోజే కాదు, ఉన్నన్నాళ్ళూ అడగలేదు. తర్వాత ఇరాక్ పోయే మనిషి ఒకడు చెప్పి పోదామని పాపం తానే ఇంటికొస్తే, జాగ్రత్తగా పోయి రమ్మన్నాడు, అంతే. రాయి నెత్తికెక్కించుకుని కాళ్ళు లేని ఆ మనిషిని మరిచిపోయింది అక్కనా నేనా అన్నది తేల్చాలంటే ముందు మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోవాలి.

వానకాలంలో బావ పోయాడు. దినాల నాడు బంతి దగ్గర పెద్దమనుషులు ఆయన కథలు చెప్పుకుంటున్నారు. తువ్వాల అంచు నలపడం, గడపల పిచ్చి, అన్నీ వచ్చాయి. ఎవరో ఆ కుర్చీ మనిషి సంగతి కూడా చెప్పారు. నేను చేతులు కడుక్కునే వాళ్ళకు నీళ్ళు పోస్తున్నాను. మల్లేశం విస్తరి ముందు నుంచి సగంలోనే లేచి వచ్చి చేతులు చాపాడు.

"చిన్నమ్మా, గాయినకు కాళ్ళు లేకుండెనా?"

లేవని చెప్పాను.

"గేటు చెప్పిండ్రు, గిర్ని చెప్పిండ్రు, రాయి ఎన్ని ముక్కలో చెప్పిండ్రు. గీ మాట చెప్పకపోతిరి."

నేను నీళ్ళు పోస్తూనే ఉన్నాను. అతని చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి. అతను వాటిని వెనక్కి తీసుకోలేదు.

"నన్ను తిట్టకపాయె చిన్నమ్మా. మంచిగ నడుస్తుండా అని అడిగె."